సిరీస్‌లో మాటలు వినపడకపోతే తప్పు మిక్స్‌దా, మన టీవీదా?

ఫేడర్_ఏడు

కొత్త సిరీస్ ఏది వచ్చినా ఇదే గోల. గుసగుసలు వినపడవు, వాల్యూమ్ పెంచితే పేలుడు గోడలు అదరగొడుతుంది, మళ్లీ తగ్గించాలి. రిమోట్ కింద పెట్టే పనే ఉండదు. దీనికి రెండు జవాబులు తిరుగుతున్నాయి. మిక్సింగ్ చేసేవాళ్లు, అంటే మాటలూ సంగీతమూ ఎఫెక్టులూ కలిపి చివరి ధ్వని తయారుచేసేవాళ్లు, థియేటర్ మోజులో పడి ఇంట్లో చూసేవాణ్ని వదిలేశారని కొందరంటారు. పలకలాంటి టీవీ కొని దాని స్పీకర్లలో సినిమా వినాలనుకోవడమే తప్పని ఇంకొందరంటారు. నా ఓటు మొదటిదానికి. ఊరికే కాదు, లెక్క ఉంది.

థియేటర్లో తెర వెనక ఒక్కో స్పీకరునీ -20 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ శబ్దాన్ని దాని గరిష్ఠ హద్దు నుంచి లెక్కించే కొలత) పింక్ నాయిస్‌కి (పరీక్షకి వాడే హోరు) 85 డెసిబెల్స్ వచ్చేలా సరిచేస్తారు. ఇంటికోసం మిక్స్ చేసే చిన్న గదుల్లో అది 79 లేదా 82 ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ నిబంధన ప్రకారం మాటల సగటు -27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (బిగ్గరతనం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బిగ్గర) ఉండాలి, రెండు యూనిట్లు అటూ ఇటూ ఫర్వాలేదు. ట్రూ పీక్, అంటే శబ్దం తాకే అత్యధిక శిఖరం, -2 డెసిబెల్స్ దాటకూడదు. ఇక్కడే ఉంది కిటుకు. ఆ సగటును మాటలున్న చోట మాత్రమే కొలుస్తారు. మాటల్లేని చోట వచ్చే తుపాకులూ కార్ల ఛేజులూ నేపథ్య సంగీతమూ ఆ లెక్కలోకి రావు. మాట సగటుకీ పీక్ హద్దుకీ మధ్య 25 డెసిబెల్స్ ఖాళీ జాగా. అది మొత్తం వాడుకున్నా ఫైల్ పరీక్షలో పాసవుతుంది.

ఇప్పుడు ఇంటికి రండి. మాట 60 డెసిబెల్స్ దగ్గర పెట్టుకుని చూస్తాం. సగటు కంటే 15 తక్కువలో ఉన్న గుసగుస 45కి దిగుతుంది. ఫ్యానో ఏసీయో తిరుగుతున్న గది మామూలుగానే 40 దాకా ఉంటుంది. ఇక మిగిలింది 5. ఆ 5 డెసిబెల్స్‌లో హీరోయిన్ తన రహస్యం చెప్పాలి. ఇందులో టీవీ చేసిన పాపం ఏమిటి?

పలకటీవీ

ఫేడర్ గారూ, పీక్‌నీ సగటునీ ఒకే గాటన కట్టేశారు. ట్రూ పీక్ అనేది క్షణంలో వచ్చిపోయే శిఖరం. చెవికి తెలిసే బిగ్గరతనం అది కాదు. పేలుడు సీను కూడా చెవికి మాటల కంటే అంత పైన నిలబడదు. 25 అని భయపెట్టకండి.

మీ వాదనకి ఒక తేలికైన పరీక్ష ఉంది. వినపడని సీనునే హెడ్‌ఫోన్లలో పెట్టండి. పదికి ఎనిమిది సార్లు ప్రతి మాటా తెలుస్తుంది. అదే ఫైలు, అదే మిక్స్. మరి మధ్యలో మాట ఎక్కడ పోయింది?

టీవీల్లో రెండు పది వాట్ల స్పీకర్లు అడుగున నేల వైపు చూస్తూనో, వెనక గోడ వైపు చూస్తూనో ఉంటాయి. మనకి చేరేది ఎక్కువగా గోడకీ బల్లకీ తగిలి తిరిగొచ్చిన శబ్దం. మాట అర్థం కావడానికి క, ట, త, స లాంటి హల్లులు ముఖ్యం. వాటిని గుర్తుపట్టించే బలం ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది. ప్రతిధ్వని ముందుగా చెరిపేసేది ఆ అంచులనే. గొంతు వినపడుతుంది కానీ ఏమన్నాడో తెలియదు.

రెండోది డౌన్‌మిక్స్. 5.1 ట్రాకులో (ముందు మూడు, పక్కన లేదా వెనక రెండు స్పీకర్లు, ఒక బేస్ స్పీకరు) మాటలు దాదాపు పూర్తిగా సెంటర్ ఛానెల్లో, అంటే ముందు మధ్య స్పీకరులో, ఉంటాయి. రెండు స్పీకర్లకి కుదించేటప్పుడు సెంటర్ 3 డెసిబెల్స్ తగ్గి రెండు వైపులకీ వెళ్తుంది. దాంతో మాట బలం పోతుందని చాలామంది రాస్తుంటారు. పోదు. రెండు వైపులా వస్తోంది కాబట్టి శక్తి సమానమే. పోయేది విడిగా ఉండటం. అంతకుముందు మాట ఎదురుగా, సంగీతం పక్కల నుంచి, వాన వెనక నుంచి వచ్చేవి. చెవి వాటిని దిక్కుని బట్టి వేరు చేసుకునేది. ఇప్పుడు అన్నీ ఒకే రెండు స్పీకర్ల నుంచి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పైగా ‘సరౌండ్ ఎఫెక్ట్’ ఆన్‌లో ఉంటే టీవీ ఫేజ్‌తో (రెండు స్పీకర్ల శబ్దతరంగాల పొందికతో) ఆడుకుని మధ్యలో నిలవాల్సిన మాటని ఇంకా పలచన చేస్తుంది. మొదట పీకేయాల్సింది ఆ ఆప్షన్ని.

బూమ్‌కర్ర

ఇద్దరూ చివరి గది నుంచి మొదలుపెట్టారు. జబ్బు సెట్లోనే అంటుకుంటుంది.

వైడ్ షాట్‌నీ క్లోజప్‌నీ రెండు కెమెరాలతో ఒకేసారి తీయడం ఇప్పుడు మామూలైపోయింది. వైడ్‌లో పడకుండా ఉండాలంటే బూమ్ మైకు (పొడుగు కర్రకి కట్టి పట్టుకునే మైకు) పైకి, దూరంగా జరగాల్సిందే. క్లోజప్‌లో మొహం అంగుళాల దూరంలో ఉంటుంది, గొంతు మాత్రం గది అవతల నుంచి వస్తుంది. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం తగ్గదు. అప్పుడు బట్టల లోపల దాచిన లావలియర్ మైకే దిక్కు. దానికి బట్ట రాపిడి, ఛాతీ దగ్గర ఉండటం వల్ల వచ్చే ముద్ద గొంతు. 3000 హెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తి సరిచేస్తారు. ఎక్కువ ఎత్తితే సకారాలు చీల్చుకుంటూ వస్తాయి.

దీనికి తోడు సహజ నటన పేరుతో పెదవులు కదపకుండా గొణిగే పద్ధతి. గొణుగుడును ఏ ఫేడరూ (శబ్దం పెంచే మీట) స్పష్టంగా చేయలేదు. శబ్దం పెరుగుతుంది, గొణుగుడు పెద్ద గొణుగుడు అవుతుంది. స్టూడియోలో మళ్లీ చెప్పించే ఏడీఆర్‌కి సమయం ఉండదు, లేదా దర్శకుడికి ఇష్టం ఉండదు. క్రిస్టఫర్ నోలన్ ఏడీఆర్ కంటే సెట్లో పలికిన మాటకే మొగ్గు చూపుతానని బహిరంగంగా చెప్పినవాడు. 2020లో ‘టెనెట్’ మీద వచ్చిన ఫిర్యాదులు థియేటర్లో చూసినవాళ్లవి. దానికి టీవీని ఎలా నిందిస్తారు పలకటీవీ గారూ?

ఇంకో సంగతి. మిక్సర్ ఆ డైలాగుని వందోసారి వింటున్నాడు. కంఠతా వచ్చిన మాట ఎంత లోతున ఉన్నా వినపడినట్టే ఉంటుంది. మందు చవకైనదే: స్క్రిప్టు చదవని మనిషిని చివరి రోజు కూర్చోబెట్టి, చిన్న టీవీ స్పీకర్లలో 60 డెసిబెల్స్ దగ్గర వినిపించి, ఎక్కడ తల ముందుకి వంచాడో ఆ టైమ్‌కోడ్ రాసుకోవడం.

రెండోట్రాక్

ఒకటే ప్రశ్న. అదే టీవీ, అదే సోఫా, అదే సినిమా. ఆడియో మెనూలో డబ్బింగ్ ట్రాకు పెడితే ప్రతి మాటా గంట కొట్టినట్టు వినపడుతుంది. అప్పుడు టీవీ ఒక్కసారిగా బాగుపడిందా?

పలకటీవీ

డబ్బింగ్ గొంతు నిశ్శబ్దమైన బూత్‌లో, నోటికి దగ్గరగా పెట్టిన మైకులో రికార్డయినది. దాన్ని సంగీతం, ఎఫెక్టులు మాత్రమే ఉన్న ఎం అండ్ ఈ ట్రాకు మీద పైన పెడతారు. గది గాలి లేని గొంతు, అందుకే అంత స్పష్టం, అందుకే అంత అతికించినట్టు. పైగా మన భాషలో సగం అక్షరాలు పోయినా బుర్ర పూరించుకుంటుంది. అలవాటు లేని యాసలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈ పోలిక సరితూగదు.

రెండోట్రాక్

సరితూగకపోతే మానె. చెత్త స్పీకరులోంచి కూడా శుభ్రమైన గొంతు బయటికి రాగలదని రుజువైంది కదా. నాకు అది చాలు.

డెసిబెల్‌దొర

సినిమాల్నీ సిరీస్‌లనీ అంటున్నారు కానీ, అదే టీవీలో సిరీస్ ఆపి పాట పెడితే ఉలిక్కిపడేది ఎందుకో ఎవరూ చెప్పలేదు. ప్రతి వేదికకీ లక్ష్యం వేరు. నెట్‌ఫ్లిక్స్ మాట -27 దగ్గర. అమెరికా ప్రసారాలకి ఏటీఎస్‌సీ ప్రమాణం చెప్పేది -24, యూరప్ ప్రసారాలకి ఈబీయూ ఆర్128 ప్రమాణం చెప్పేది -23. స్పాటిఫై మామూలు సెట్టింగులో -14. యూట్యూబ్ కూడా -14 ప్రాంతం దాటిన పాటనే తగ్గిస్తుంది. -27 నుంచి -14కి దూకితే 13 డెసిబెల్స్. 10 పెరిగితేనే చెవికి రెట్టింపు అనిపిస్తుంది. అక్కడ తప్పు మిక్స్‌దీ కాదు, టీవీదీ కాదు. కొలబద్దలు కలవకపోవడం.

ప్రకటనల గోల కూడా ఈ కోవదే. అమెరికాలో ప్రకటనల బిగ్గరతనాన్ని కట్టడి చేసే కామ్ చట్టం 2010లో వచ్చి 2012 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, కానీ రాసింది ప్రసార, కేబుల్ టీవీల కోసం, స్ట్రీమింగ్ కోసం కాదు.

పాటల వాళ్లని మాత్రం వెనకేసుకురాను. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ సీడీని బిగ్గరగా వినిపించాలని ఎంత నొక్కేశారంటే, గిటార్ హీరో ఆటలోకి వెళ్లిన అవే పాటలు దానికంటే శుభ్రంగా ఉన్నాయని అభిమానులే పట్టుకున్నారు. ఇప్పటికీ -8 దగ్గర మాస్టర్ చేసి (చివరి మెరుగు పెట్టి) పంపేవాళ్లున్నారు. యాప్ దాన్ని 6 డెసిబెల్స్ కిందకి లాగుతుంది. బిగ్గరతనం మిగలదు, నొక్కుడు మాత్రం మిగులుతుంది. ఇక ఆట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే ధ్వని) పాట పేలవంగా ఉందని తిట్టేవాళ్లకి: డాల్బీ ఆట్మాస్ సంగీతానికి హద్దు -18. స్టీరియోతో పోల్చే ముందు యాప్‌లో వాల్యూమ్ సమం చేసే ఆప్షన్ ఆన్ చేయండి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది.

పలకటీవీ

మిక్సర్లు మారేదాకా కూర్చోవడం కంటే ఇంట్లో చేయగలిగింది చేయడం మేలు. ఈ వరసలోనే చేయండి, ఒక్కోటి మార్చి అదే ఒక నిమిషం సీను మళ్లీ వినండి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు యాప్‌లో ఆడియో మెనూ తెరిచి 5.1 అని ఉన్న ట్రాకు బదులు అదే భాషలో మామూలు స్టీరియో ట్రాకు ఉందేమో చూడండి. మీవి రెండు స్పీకర్లే అయితే స్టీరియో తీసుకోండి. లేకపోతే స్ట్రీమింగ్ పెట్టెలో ఆడియో అవుట్‌పుట్‌ని ‘ఆటో’ నుంచి పీసీఎం (పెట్టెలోనే విప్పేసిన ఆడియో) లేదా స్టీరియోకి మార్చండి. అప్పుడు కుదింపు పని టీవీ బదులు పెట్టె చేస్తుంది. రెండింట్లో ఒకటి తప్పక బాగుంటుంది. తర్వాత సరౌండ్ ఎఫెక్టు ఆఫ్, బేస్ బూస్ట్ ఆఫ్. ఆ తర్వాతే నైట్ మోడ్. అది పెద్ద శబ్దాల్ని నొక్కి చిన్నవాటిని ఎత్తుతుంది. దాని దోషం ఏమిటంటే గుసగుసతోబాటు గాలి హోరు కూడా లేస్తుంది. యాక్షన్‌కి పనికొస్తుంది, నిశ్శబ్దం మీద నడిచే కథని పాడుచేస్తుంది.

సౌండ్‌బార్ కొనేవాళ్లు వాట్లు చూడకండి, 2.1, 3.1 అని రాసినదాంట్లో మొదటి అంకె చూడండి. 2.1లో సెంటర్ ఉండదు. 3.1లో ఉంటుంది. మాటల కోసమే కొంటుంటే 2.1 దండగ. రిసీవర్ (విడి స్పీకర్లని నడిపే పెట్టె) ఉన్నవాళ్లు సెంటర్‌ని 2 నుంచి 4 డెసిబెల్స్ ఎత్తండి, అంతకు మించితే గొంతు సీనులోంచి ఊడి ముందుకొచ్చి కూర్చుంటుంది. క్రాసోవర్, అంటే దానికంటే లోతైన శబ్దాన్ని బేస్ స్పీకరుకి అప్పగించే హద్దు, 80 హెర్ట్జ్. సెంటర్ స్పీకరుని అల్మరా అంచుదాకా ముందుకి లాగి, చెవి వైపు వంచండి. అరలోపలికి తోసి పెడితే ఎంత మంచి స్పీకరైనా కుండలోంచి మాట్లాడినట్టే ఉంటుంది.

ఫేడర్_ఏడు

ఇంత చేసుకోవాల్సి వస్తోందంటేనే నా వాదన నెగ్గినట్టు. సినిమా చూడ్డానికి క్రాసోవర్ నేర్చుకోవాలా? ఎక్కువమంది చేసేది ఒకటే, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటారు. దాంతో కామెడీలో నటుడు నోరు తెరిచే ముందే జోకు చదివేస్తాం. 2025లో నెట్‌ఫ్లిక్స్ తలుపు చప్పుళ్లూ నిట్టూర్పులూ లేకుండా మాటలు మాత్రమే ఉండే సబ్‌టైటిల్స్ తెచ్చింది. చెవులు బాగానే ఉన్నవాళ్లు ఎంతమంది చదువుతూ చూస్తున్నారో వాళ్లకీ తెలుసన్నమాట. అంటే అక్షరాలు శుభ్రం చేశారు, ధ్వనిని అలాగే వదిలేశారు.

బూమ్‌కర్ర

ధ్వని వైపు ప్రైమ్ వీడియో 2023లో డైలాగ్ బూస్ట్ తెచ్చింది. సెంటర్ ఛానెల్‌ని ఊరికే పెంచదు. పూర్తయిన మిక్స్‌లో ఎక్కడ మాట మునిగిపోతోందో గుర్తించి, దాన్ని కృత్రిమ మేధతో వేరు చేసి ఎత్తుతుంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడే సీన్లకి సరే. అయితే కలిసిపోయిన శబ్దాన్ని విడదీసే ఏ పద్ధతిలోనైనా గుంపు సీను, వాన సీను వచ్చేసరికి గొంతు అంచులు నీళ్లలో తడిసినట్టు అయ్యే ప్రమాదం ఉంది.

అసలు విడదీయాల్సిన అవసరం ఏముంది? డబ్బింగ్ కోసం మాటలు, సంగీతం, ఎఫెక్టులు విడివిడి స్టెమ్స్‌గా నిర్మాతలు ఎలాగూ ఇస్తున్నారు. ఎంపెగ్-హెచ్, ఏసీ-4 ఫార్మాట్లలో మాటని వేరుగా పంపి చూసేవాడి చేతికి స్లయిడర్ ఇచ్చే ఏర్పాటు ఉంది. నెట్‌ఫ్లిక్స్ 5.1కి సెకనుకి 640 కిలోబిట్స్ దాకా ఖర్చు చేస్తోంది, 4కే చిత్రానికి సెకనుకి 15 మెగాబిట్ల కనెక్షన్ ఉండాలంటోంది. ఒక మోనో మాట ట్రాకు వందో నూటయాభయ్యో కిలోబిట్స్ తింటుంది. బ్యాండ్‌విడ్త్ సాకు చెల్లదు.

పలకటీవీ

స్లయిడర్‌కి నేనూ సరేనంటాను, రెండు షరతుల మీద. మొదలుపెట్టగానే అది సున్నా దగ్గర, అంటే దర్శకుడు ఒప్పుకున్న మిక్స్ దగ్గర ఉండాలి. ఎటూ 6 డెసిబెల్స్ దాటి జరగకూడదు. లేదంటే సంగీతాన్ని పూర్తిగా తీసేసి చూసి, ‘నేపథ్య సంగీతం తేలిపోయింది’ అని రివ్యూ రాసేవాళ్లు బయల్దేరతారు.

ఫేడర్_ఏడు

6 చాలదు. గుసగుసకీ ఫ్యానుకీ మధ్య మిగిలింది 5 అని పైనే లెక్క వేశాం. తేలిగ్గా అర్థం కావాలంటే మాట గది మోత కంటే కనీసం 15 పైన ఉండాలి. 10 దాకా జరగనివ్వండి, సంగీతం వైపు మాత్రం మీ షరతే ఉంచుకోండి.