అప్‌డేట్: మేక పెంటికలు నేరుగా కుండీల్లో వేయొచ్చా అని అడిగాను కదా

సంక్రాంతి ముందు అడిగాను, మిద్దె తోట కోసం రెండు బస్తాల మేక పెంటికలు తెచ్చాను, అలాగే వేసేయొచ్చా అని. మాగనిచ్చి వేయండి అన్నారు చాలామంది. ఆ జవాబులు వచ్చేలోపే తొందరపడి రెండు మిర్చి కుండీల్లో వేసేశాను, అది కూడా దొడ్డి అడుగున ఊడ్చిన బస్తాలోది, మూత్రం ఇంకి ముక్కు మండేంత ఘాటుగా ఉన్నది. వారంలో ఆకుల అంచులు మాడాయి. పైన వేసిందంతా తీసేసి, కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోస్తే ఒక మొక్క బతికింది.

మిగతాదంతా చిల్లులు పెట్టిన డ్రమ్ములో వేశాను. పెంటికల్ని రాత్రంతా నానబెట్టి కర్రతో చిదిమి, ఒక వంతుకి రెండు వంతుల ఎండుటాకులు, కాస్త పాత మట్టి కలిపి, వారానికోసారి తిరగేశాను. చిదమడం మాత్రం మానకండి, నేను వదిలేసినవి రెండు నెలలైనా గోలీల్లా గట్టిగానే ఉన్నాయి. 80 రోజులకి నల్లగా పొడిపొడిగా అయింది, వాన పడ్డ మట్టి వాసన! నాలుగు వంతుల మట్టికి ఒక వంతు కలిపి వంగ, గోంగూర వేశాను, గోంగూర ఆకు అరచేయంత వచ్చింది, ఎంత సంతోషమో చెప్పలేను.

ఒక్క ఇబ్బంది, కుండీల్లో సర్కారు తుమ్మ మొలకలు వచ్చాయి. మేకలు ఆ కాయలు తింటాయి, గింజలు అరగకుండా బయటికొస్తాయి, చిన్న డ్రమ్ములో అవి చచ్చేంత వేడి పుట్టలేదు. రెండాకులప్పుడే పీకేస్తున్నాను. మిగిలిన అర డ్రమ్ము ఎరువు ఆనప పాదుకి ఉంచాను.