తెల్లవారుజామున ఆగిపోతున్న గ్యాస్ బాయిలర్: రెండు రకాల కోడ్‌లు, దేన్ని నమ్మాలి?

చలిపొద్దు:

అందరికీ నమస్కారం. మేముంటున్న ఇంట్లో గోడకు బిగించిన గ్యాస్ బాయిలర్ ఉంది. కాంబి రకం, అంటే విడిగా ట్యాంకు లేకుండా రేడియేటర్లకీ కుళాయిలకీ వేడి అదే ఇస్తుంది. గడ్డకట్టే చలి మొదలైన దగ్గర్నుంచీ తెల్లవారుజామున ఆగిపోతోంది. తెర మీద కోడ్ మెరుస్తూ ఉంటుంది. మాన్యువల్ చూస్తే మంట అంటుకోలేదని దాని అర్థం. రీసెట్ నొక్కితే లోపల గుడగుడమని చప్పుడు చేసి, కాసేపు ప్రయత్నించి మళ్ళీ అదే కోడ్ చూపిస్తుంది. ఎండెక్కాక నొక్కితే మాత్రం మామూలుగా నడుస్తుంది.

ఇది చాలదన్నట్టు అప్పుడప్పుడు ఇంకో కోడ్, నీటి ప్రెషర్ తక్కువని. ప్రెషర్ మీటర్ చూస్తే ముల్లు అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర ఉంటుంది. కింద ఉన్న ఫిల్లింగ్ వాల్వు తిప్పి నింపుతాను, కొన్నాళ్ళకి మళ్ళీ దిగిపోతుంది. ఒక సర్వీసు ఆయన్ని ఫోన్‌లో అడిగితే, రెండు కోడ్‌లు వస్తున్నాయంటే పీసీబీ, అంటే బాయిలర్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు, పోయినట్టే, మార్చాలి అన్నారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, అత్తగారికి ఆస్తమా. చలిలో ఉంచలేను. బోర్డు మార్చేయాలా?

నీలిమంట:

బోర్డు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. నేను ఈ సర్వీసు పనిలోనే ఉన్నాను. మంచి బోర్డులు పీకి కొత్తవి పెట్టడం, వారం తిరక్కుండా పాత కోడే మళ్ళీ రావడం చాలా ఇళ్ళల్లో చూశాను. అలా ఖర్చు పెట్టించడం చూస్తే నాకు బాధ.

మీకొస్తున్న కోడ్‌లు రెండూ నిజమే. కాకపోతే బాయిలర్ ఏ మెట్టు దగ్గర ఆగిందో అంతవరకే కోడ్ చెబుతుంది. ఎందుకాగిందో మనం వెతకాలి. అందుకని ముందు ఆ మెట్లు తెలియాలి. వేడి కావాలని థర్మోస్టాట్ అడగగానే పంపు తిరుగుతుంది. తర్వాత ఫ్యాను. గాలి సరిగా కదులుతోందని తేలాక టకటకమని స్పార్కు, దాంతోపాటే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. కొన్ని సెకన్లలో మంట కనబడకపోతే వాల్వు మూసేసి, ఫ్యానుతో లోపలి గ్యాస్‌ను బయటికి తోసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇలా కొన్నిసార్లు చేసి, కుదరకపోతే లాకౌట్‌లోకి వెళ్ళిపోతుంది. లాకౌట్ అంటే మనిషి వచ్చి రీసెట్ నొక్కేదాకా కదలదు.

పక్కన నిలబడి ఈ శబ్దాలు వినండి. స్పార్కు వినిపించి మంట అసలు రాకపోతే ఒక దారి: గ్యాస్ అందడం లేదు, వాల్వు తెరుచుకోవడం లేదు, లేదా లోపల నీళ్ళు నిలిచాయి. చిన్న అద్దంలోంచి నీలిమంట కనబడి రెండు మూడు సెకన్లకే ఆరిపోతే ఇంకో దారి. మంటలో ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది. దానికి ఏసీ కరెంటు ఇస్తే మంట గుండా కరెంటు ఒక వైపుకే ఎక్కువగా పారుతుంది. మైక్రోఆంపుల్లో ఉండే ఆ కాస్త కరెంటును చూసే బోర్డు మంట ఉందని నమ్ముతుంది. ఎలక్ట్రోడ్ మీద మసి పేరుకున్నా, ఎర్త్ సరిగా లేకపోయినా, కొన్ని మోడళ్ళలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా మంట మండుతూనే ఉంటుంది, బోర్డేమో లేదంటుంది.

మీరు రాసిన రెండు ముక్కలు మాత్రం ఇంకో వైపు చూపిస్తున్నాయి: గడ్డకట్టే చలి, గుడగుడ. మీది కండెన్సింగ్ బాయిలర్ అయి ఉండాలి. పొగలోని నీటిఆవిరి లోపలే చల్లబడి, కాస్త ఆమ్లం కలిసిన నీరుగా మారి, సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి డ్రైన్‌లోకి పోతుంది. ఆ పైపు ఇంటి బయట నుంచి వెళ్తుంటే రాత్రి అందులో నీరు గడ్డకడుతుంది. వెనక్కి తన్నిన నీరు బాయిలర్ అడుగున నిలిచి గుడగుడలాడుతుంది, మంట అంటుకోదు. ఎండకి మంచు కరిగితే దారి తెరుచుకుంటుంది.

చేయాల్సింది: బయట ఆ పైపు వంపుల మీద, చివర డ్రైన్‌లో దిగే చోట గోరువెచ్చటి నీళ్ళు పోయండి. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది, ఒంటి మీద పడినా ప్రమాదం. వేడినీళ్ళ సంచీ ఆనించినా కరుగుతుంది. గుడగుడ తగ్గాక ఒక్కసారి రీసెట్ చేయండి. కుదిరితే అదే కారణం. శాశ్వతంగా కావాలంటే బయట ఉన్న పైపు పొడవు తగ్గించాలి, కనీసం 32 మి.మీ. పైపు వేయించాలి, నీరు నిలవకుండా వాలు పెట్టి, పైన ఫోమ్ తొడుగు తొడగాలి.

ప్రెషర్ సంగతి దీనికి సంబంధం లేని వేరే జబ్బు. చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్లు బాగా వేడెక్కాక, రెండుసార్లూ ముల్లు ఎక్కడుందో చూసి రాయండి.

గాలికిటికీ:

ఇంకో రెండు మాటలు. ముందు స్టవ్ వెలుగుతోందో లేదో చూసుకోండి. అదీ వెలగకపోతే తప్పు బాయిలర్‌లో లేదు, గ్యాస్ సరఫరాలో ఉంది. ఒక కంపెనీ కోడ్ అర్థాన్ని ఇంకో కంపెనీకి అంటగట్టకండి. మంట అంటుకోలేదనడానికి వాయిలాంట్‌లో ఎఫ్.28, ఐడియల్ లాజిక్‌లో ఎల్2, బాక్సీలో ఈ133 అని వస్తాయి. మీ మోడల్ మాన్యువలే మీకు ప్రమాణం.

రీసెట్‌ను పదే పదే నొక్కడం మంచిది కాదు. ఒకటి రెండుసార్లకి కుదరకపోతే ఆపేయండి. బాయిలర్ ముందు మూత తీయకండి. చాలా మోడళ్ళలో పొగ గదిలోకి రాకుండా ఆపేది ఆ మూత సీలే. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టకుండా మీటర్ దగ్గర వాల్వు మూసి, కిటికీలు తెరిచి, బయటికెళ్ళి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. చంటిపిల్ల ఉందన్నారు కాబట్టి, కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే పెట్టించండి. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు.

చలిపొద్దు:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. స్టవ్ బాగానే వెలుగుతోంది. బయట గోడ వెంట తెల్ల పైపు ఉంది, మోకాలి వంపు దగ్గర ముట్టుకుంటే రాయిలా ఉంది. గోరువెచ్చటి నీళ్ళు పోశాక లోపలి నుంచి బొళక్కున నీరు దిగిన చప్పుడు వచ్చింది. రీసెట్ చేయగానే మంట అందుకుంది. అత్తగారి గది వెచ్చబడింది. అలారం కూడా తెప్పించాను.

ప్రెషర్ రాసి పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు ఒకటిన్నర నింపితే, రేడియేటర్లు వేడెక్కాక ముల్లు మూడు దగ్గరికి పోతోంది. ఆ సమయంలో బయట గోడలోంచి వచ్చిన చిన్న రాగి పైపు కొస నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. మళ్ళీ చల్లబడ్డాక చూస్తే ఒకటి కంటే కిందికి దిగింది.

నీలిమంట:

మంచి మాట చెప్పారండీ. రెండోదీ దాదాపు తేలిపోయినట్టే. వేడెక్కితే నీరు వ్యాకోచిస్తుంది. ఆ పెరిగిన నీటికి చోటివ్వడానికే లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది. రబ్బరు పొరకి ఒక వైపు గాలి, ఒక వైపు నీరు. గాలి దిగిపోతే చోటుండదు, ప్రెషర్ ఎగబాకుతుంది, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని మీరు చూసిన రాగి పైపు గుండా నీటిని బయటికి వదిలేస్తుంది. చల్లబడ్డాక ఆ పోయిన నీరంత ప్రెషర్ తగ్గుతుంది.

లైసెన్సున్న గ్యాస్ టెక్నీషియన్‌ను పిలిచి ఇదంతా చెప్పండి. ఆయన నీటి వైపు ప్రెషర్ పూర్తిగా తీసేసి, తర్వాతే వెసెల్‌లో గాలి కొలవాలి. నీళ్ళుండగా కొలిస్తే అంకె తప్పు వస్తుంది. మామూలుగా 0.75 నుంచి 1 బార్ దాకా నింపుతారు. నింపినా నిలవకపోతే, లేదా గాలి వాల్వు నొక్కితే నీరు వస్తే పొర చిరిగినట్టు, వెసెల్ మార్చాలి. సేఫ్టీ వాల్వు ఒకసారి తెరుచుకుంటే మళ్ళీ గట్టిగా మూసుకోకపోవచ్చు, దాన్నీ చూడమనండి.

ఆయన వచ్చేదాకా నింపాల్సి వస్తే 1 బార్‌కి కాస్త పైన ఆపండి, ఒకటిన్నర వద్దు. నింపాక ఫిల్లింగ్ వాల్వు గట్టిగా కట్టేయండి. మాటిమాటికీ కొత్త నీరు పోస్తే దాంతో వచ్చే ఆక్సిజన్ రేడియేటర్లను లోపల తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడుతుంది. అందుకని వెసెల్ పని అయ్యాక ఆ మందు మోతాదు కూడా సరిచూడమని అడగండి.