వర్జీనియాలో నూరేళ్ల ఇటుక మేడ: 20 శాతం ఫెడరల్ క్రెడిట్ మాకు అందుతుందా?

ప్రశ్న – ఇటుకమేడ

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలల కిందట నేనూ మా ఆవిడా వర్జీనియాలో ఒక చిన్న పట్టణపు పాత బజారు వీధిలో రెండంతస్తుల ఇటుక మేడను 3,10,000 డాలర్లకు కొన్నాము. 1912లో కట్టినది. కింద దుకాణం, పైన రెండు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కొన్ననాటి నుంచి ఖాళీగానే ఉంది. నగరం వేసిన పన్ను మదింపులో మేడ విలువ 1,90,000, స్థలం విలువ 72,000 డాలర్లు. బజారు వీధి మొత్తం నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో) చారిత్రక ప్రాంతంగా నమోదై ఉంది.

మరమ్మతులకు కాంట్రాక్టర్ 2,60,000 డాలర్ల అంచనా ఇచ్చాడు. అందులో వెనక వైపు కొత్తగా కట్టే గది, పెరట్లో కార్లు నిలిపేందుకు గచ్చు, వంట స్టవ్వులు, ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. పాత చెక్క కిటికీలు తీసేసి వినైల్ కిటికీలు పెడదామనీ, ముందు గోడ మీది పాత రంగును ఇసుక పిచికారీతో వదిలిద్దామనీ, మెట్ల దగ్గర గార చెక్కేసి ఇటుక కనిపించేలా చేద్దామనీ అంటున్నాడు. కింద దుకాణంలో ఫాల్స్ సీలింగు ఒక మూల ఊడితే, దాని పైన పూల అచ్చులున్న పాత రేకు కప్పు కనిపించింది. అదేమి చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇలాంటి మేడ బాగు చేయిస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుందని విన్నాను. అంటే 52,000 డాలర్లు మొదటి ఏడాదే వస్తాయన్నమాట. మా పన్ను లెక్కలు చూసే సీపీఏ మాత్రం అది పెద్ద కంపెనీలకే పనికొస్తుందని కొట్టిపారేశాడు. ఎవరి మాట నిజం?

జవాబు – జమాఖర్చు

రెండు మాటలూ సగం సగమే నిజమండీ. ముందుగా మొదటి ఏడాదే మొత్తం వస్తుందన్న సంగతి చూద్దాం. మీరు విన్నది పాత సమాచారం అయివుండాలి. పాత కట్టడాలకు పన్ను ప్రోత్సాహం 1976 చట్టంతో మొదలై, 1981లో 25 శాతం దాకా పెరిగి, 1986లో 20 శాతానికి దిగింది. రిజిస్టర్‌లో లేకపోయినా 1936కు ముందు వాడుకలోకి వచ్చిన మేడలకు 10 శాతం ఇచ్చే ఏర్పాటు కూడా ఆ 1986 చట్టంలో ఉండేది. 2017 చట్టం ఆ 10 శాతాన్ని రద్దు చేసి, 20 శాతాన్ని ఐదేళ్లకు సమానంగా పంచింది. కాబట్టి పని పూర్తయి మేడ వాడుకలోకి వచ్చిన ఏడాది నుంచి ఏటా 4 శాతం చొప్పున వస్తుంది.

ఇక అసలు చిక్కు మీ లెక్కలోనే ఉంది. ఈ క్రెడిట్ దక్కాలంటే మీరు ఎంచుకున్న 24 నెలల గడువులో పెట్టే అర్హమైన ఖర్చు, మేడ అడ్జస్టెడ్ బేసిస్‌ను మించాలి. 5,000 డాలర్ల కనీస మొత్తం ఒకటుంది గానీ మీ విషయంలో దానితో పని లేదు. బేసిస్ అంటే కొన్న ధరలోంచి స్థలం వాటా తీసేసి, అప్పటికే తీసుకున్న తరుగుదల (డిప్రిసియేషన్) తగ్గించి, చేయించిన మెరుగులు కలిపితే వచ్చేది. మదింపు నిష్పత్తి ప్రకారం మీ 3,10,000లో మేడ వాటా సుమారు 2,25,000 అవుతుంది. ఖాళీగా ఉంది కనుక తరుగుదల లేదు. మీరు దాటవలసిన గీత ఇది.

2,60,000 దీనికన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. అయితే కొత్తగా కట్టే గది మేడ విస్తరణ కిందకు వస్తుంది, దాన్ని లెక్కలోకి రానివ్వరు. కార్ల గచ్చు, పెరటి పనులు, కంచె, స్టవ్వులు, ఫ్రిజ్‌లు కూడా రావు. ఈ పద్దుల విడి మొత్తాలు ఇక్కడ రాస్తే మిగతాది చెప్పగలను. పైకప్పు, కరెంటు, నీటి గొట్టాలు, ఏసీ, నేల, గోడలు, మెట్లు, అలాగే ఆర్కిటెక్ట్, ఇంజినీరు ఫీజులు లెక్కలోకి వస్తాయి. పని నడుస్తున్న కాలంలో కట్టే రుణ వడ్డీ, ఆస్తి పన్ను కూడా వస్తాయి. వీటిని చాలామంది మరిచిపోతారు.

జవాబు – సున్నపుపని

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి, అందుకే లెక్కల జోలికి పోను. మీ కాంట్రాక్టర్ చెప్పిన మూడు పనులూ, అంటే కిటికీలు, ఇసుక పిచికారీ, గార చెక్కడం, ఈ క్రెడిట్‌ను పోగొట్టేందుకు ఏరి కూర్చినట్టున్నాయి.

ఖర్చు గీత దాటినంత మాత్రాన సరిపోదు. చేసిన పని ఇంటీరియర్ శాఖ మంత్రి పేరిట ఉన్న పది పునరుద్ధరణ ప్రమాణాలకు నిలబడిందని నేషనల్ పార్క్ సర్వీస్ ధ్రువీకరించాలి. చెడిన భాగాన్ని మార్చడం కన్నా బాగు చేయడమే మేలని, మార్చక తప్పకపోతే రూపంలో పాతదానికి సరితూగాలని ఆరో ప్రమాణం చెబుతుంది. పాత పదార్థాన్ని దెబ్బతీసే ఇసుక పిచికారీ వంటివాటిని ఏడోది పేరు పెట్టి కాదంటుంది. అందులో అర్థముంది. బట్టీలో కాలేటప్పుడు ఇటుక పైపొర గట్టిపడుతుంది. ఇసుక తాకిడికి ఆ పొర లేచిపోతే లోపలి మెత్తటి మట్టి బయటపడి నీరు పీల్చుతుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఇటుక పెచ్చులుగా రాలుతుంది. రంగు పోవాలంటే మెత్తని రసాయనాలతో ఒక మూల, ఎవరికీ కనిపించని చోట ముందు ప్రయత్నించి చూడండి.

ఇటుకల మధ్య సందులు నింపేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 1912 నాటి గోడకు గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు నింపితే, గోడలోని తేమ సందుల గుండా బయటికి రాలేక ఇటుక గుండానే దారి చూసుకుంటుంది, దాంతో ఇటుకే పగులుతుంది. మన పాత మిద్దెల సున్నపు గార లాగా ఇటుక కన్నా మెత్తగా, గాలి ఆడేలా ఉండే మిశ్రమమే అక్కడ కావాలి. రంగు, సందు వెడల్పు పాత పనితో కలవాలి.

కిటికీల దగ్గరకు వస్తే, ఒకసారి మీరే ఒక రెక్కను పైకెత్తి చూడండి. చాలా వాటికి తెగినది లోపలి తాడు మాత్రమే అయివుంటుంది. గోడ పక్కల పెట్టెలో ఇనుప బరువులు అలాగే వేలాడుతుంటాయి. అడుగు చట్రంలో కాస్త పుచ్చు, రాలిన పుట్టీ, పొరలుపొరలుగా రంగు, అంతకు మించి ఉండదు. ఆ కాలపు కలప నేటి కలప కన్నా దట్టమైనది. బాగు చేయించి, చలికి లోపలి వైపు ఇంకో అద్దం బిగించవచ్చు. వినైల్ చట్రం లావుగా ఉండి అద్దం వైశాల్యాన్ని తినేస్తుంది, రెక్కల మధ్య నీడ గీతలు చెరిగిపోతాయి, వీధి నుంచి చూసినవాళ్లకు ముందు కనిపించేది అదే.

సమీక్షించేవాళ్లు లోపల కూడా చూస్తారు. ఇటుక కనిపించేలా గార చెక్కడం ఈ రోజుల్లో అందరికీ నచ్చుతోంది గానీ, మొదటి నుంచీ గార పూసి రంగు వేసిన మెట్ల దారికి అది ఎన్నడూ లేని రూపాన్ని తెస్తుంది. ఆ రేకు కప్పును మాత్రం వదులుకోవద్దు. ఫాల్స్ సీలింగు విప్పి దాన్ని బాగు చేయిస్తే మీ దరఖాస్తుకు అదే బలం.

ఇటుకమేడ

ఇద్దరికీ ధన్యవాదాలు. అంచనాలో వెనక గది 38,000, గచ్చూ కంచే కలిపి 14,000, స్టవ్వులూ ఫ్రిజ్‌లూ 6,000. అంటే మొత్తం 58,000 పోతే మిగిలేది 2,02,000, మీరు చెప్పిన గీతకు 23,000 తక్కువ. ఆర్కిటెక్ట్ ఫీజు 18,000 విడిగా ఉంది. ఇంకో సంగతి, కొన్న నెలలోనే వాన కారుతుంటే పైకప్పు వేయించి 21,000 కట్టాము, అది అంచనాలో లేదు. పైకప్పు చదునుగా ఉంటుంది, వీధికి కనిపించదు. లెక్కకు పనికొస్తుందేమోనని మా ఆదాయం కూడా చెబుతాను. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి సుమారు 2,30,000.

జవాబు – జమాఖర్చు

ఆ పైకప్పే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది, అయితే గడువును ఎక్కడ మొదలుపెడతారన్న దాని మీద ఆధారపడి. 24 నెలలను మీరు కొన్న తేదీ నుంచి లెక్కిస్తే పైకప్పు 21,000 ఖర్చు వైపు నిలబడుతుంది. 2,02,000కు 18,000, 21,000 కలిపితే 2,41,000 అవుతుంది, గీత దాటినట్టే. అదే గడువును పైకప్పు వేయించాక మొదలుపెడితే ఆ 21,000 బేసిస్‌లో చేరి, గీత 2,46,000కు పెరుగుతుంది, ఖర్చు 2,20,000 దగ్గరే ఆగిపోతుంది. ఒకే బిల్లు ఒకచోట తోడు, ఇంకోచోట అడ్డం.

కొన్న తేదీ నుంచి లెక్కిస్తే ఎనిమిది నెలలు గడిచాయి కనుక మిగిలినవి పదహారు. గడువు ముగిసిన ఏడాది చివరిదాకా పెట్టిన అర్హమైన ఖర్చును కూడా క్రెడిట్‌కు కలుపుకోవచ్చు గానీ, గీత మాత్రం ఆ 24 నెలల్లోనే దాటాలి. పనిని దశలుగా చేసేలా ముందే నక్షలు, వివరాలు రాసి పెట్టుకుంటే 60 నెలల గడువు కూడా ఉంది.

2,41,000 మీద 20 శాతం అంటే 48,200, ఏటా 9,640. ఇక్కడే మీ సీపీఏ మాటలోని నిజం ముందుకొస్తుంది. అద్దె ఆస్తి అనేది పన్ను చట్టం దృష్టిలో పాసివ్ వ్యాపకం, అంటే రోజువారీ శ్రమ లేకుండా రాబడి తెచ్చేది, దాని క్రెడిట్‌ను జీతం మీది పన్నులో ఇష్టమొచ్చినంత తగ్గించుకోనివ్వరు. పునరుద్ధరణ క్రెడిట్‌కు 25,000 డాలర్ల ఆదాయ మినహాయింపు మీద తగ్గే పన్నుకు సమానమైన వెసులుబాటు ఇచ్చారు గానీ, ఆదాయం 2,00,000 దాటినప్పుడు దాటిన ప్రతి డాలరుకూ అర డాలరు చొప్పున అది కరిగి 2,50,000 దగ్గర సున్నా అవుతుంది. మీ 2,30,000కు 15,000 కరిగి 10,000 మిగులుతుంది. మీ స్లాబు 22 శాతం అనుకుంటే ఆ ఏడాది వాడుకోగలిగేది 2,200 మాత్రమే. ఆదాయం 2,00,000లోపు ఉన్న ఏడాదైతే 5,500. ఆ మేడ మీదే, లేదా మీకున్న ఇతర పాసివ్ ఆదాయం మీద పన్ను పడితే దాన్ని కూడా తగ్గించుకోవచ్చు. మిగిలినది పోదు, తర్వాతి ఏళ్లకు వెళుతుంది. కానీ మేడ అమ్మేసినప్పుడు అప్పటిదాకా ఆగిన పాసివ్ నష్టాలను వాడుకోనిచ్చినట్టు ఈ క్రెడిట్‌ను వాడుకోనివ్వరు. మీ ఇద్దరిలో ఒకరు ఏడాదికి 750 గంటలకు మించి, అదీ తమ మొత్తం పని సమయంలో సగానికి పైగా, స్థిరాస్తి పనిలోనే గడిపితే, ఆ మేడ వ్యవహారాల్లో నిజంగా పాలుపంచుకుంటే ఈ అడ్డు తొలగుతుంది. పూర్తికాలం ఉద్యోగం చేస్తూ అలా చూపించడం చాలా కష్టం, కాగితం మీద చూపిద్దామని చూడకండి.

ఇంకో రెండు ముక్కలు. తీసుకున్న క్రెడిట్ మేరకు బేసిస్ తగ్గుతుంది, ఆ ఖర్చులకు తరుగుదల స్ట్రెయిట్ లైన్ పద్ధతిలోనే, అంటే ఏటా సమానంగా, తీసుకోవాలి. వాడుకలోకి వచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు అమ్మితే క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. మొదటి ఏడాదిలోనైతే మొత్తం, ఆపై పూర్తయిన ఒక్కో ఏడాదికి 20 శాతం చొప్పున తగ్గుతూ.

నా అభిప్రాయం అడిగితే, మీకు ఎక్కువగా పనికొచ్చేది వర్జీనియా రాష్ట్ర క్రెడిట్. అర్హమైన ఖర్చులో 25 శాతం ఇస్తారు, వాడగా మిగిలినది 10 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. దాని గీత కూడా తక్కువ. అద్దె మేడలకు పని మొదలయ్యే ముందటి ఏడాది పన్ను మదింపులో మేడ విలువలో సగం. మీకది 95,000 మాత్రమే. పనికి వర్తించే పది ప్రమాణాలు రెండింటికీ ఒకటే కాబట్టి ఒక క్రమశిక్షణకు రెండు ఫలాలు.

జవాబు – రెండోమెట్టు

ఇంకో రాష్ట్రంలో ఇదే పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి, అందుకే రాస్తున్నాను. దరఖాస్తు మూడు భాగాలు. కట్టడం ఆ ప్రాంతపు చారిత్రక విలువకు తోడ్పడుతోందని మొదటిది, చేయబోయే పని వివరం రెండోది, పూర్తయ్యాక ధ్రువీకరణ మూడోది. మూడూ రాష్ట్ర కార్యాలయం ద్వారా నేషనల్ పార్క్ సర్వీస్‌కు వెళతాయి. మీకైతే అది వర్జీనియా హిస్టారిక్ రిసోర్సెస్ శాఖ. వీధి రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి మేడా అర్హమైనది కాదు, అందుకే మొదటి భాగం.

నేను రెండో భాగానికి అనుమతి వచ్చేదాకా ఆగకుండా కాంట్రాక్టర్ తొందర పెట్టాడని పని మొదలుపెట్టించాను. ముందు గదిలో గార మొత్తం చెక్కించేశాడు. తర్వాత సమీక్షలో అది పట్టుబడింది. కాదన్న నిర్ణయం మీద 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు, కానీ చెక్కేసిన గార అప్పీలుతో తిరిగి రాదు కదా. ఆ గదికి గార మళ్లీ వేయించి, ఫోటోలు పంపాక గానీ ధ్రువీకరణ రాలేదు. ఆ గార ఖర్చుకు కూడా 20 శాతం వచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

మీరు ఇప్పటికే వేయించిన పైకప్పును కూడా రెండో భాగంలో దాచకుండా రాయండి. మొత్తం పనిని ఒకటిగానే చూస్తారు. పాత పైకప్పు ఫోటోలు ఉంటే జతచేయండి.

ఇటుకమేడ

కాంట్రాక్టర్‌తో ఈ రోజే మాట్లాడి కిటికీలు, పిచికారీ, గార పనులు ఆపించాను. అతనికి నచ్చలేదు గానీ, వెనక గదిని ప్రస్తుతానికి అంచనా నుంచి తీసేసి, ఆ డబ్బును కిటికీల మరమ్మతుకు మళ్లించడానికి ఒప్పుకున్నాడు. అలా చేస్తే గీతకూ మనకూ మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది. మా ఆవిడ మాత్రం పై అంతస్తులో మనమే ఉందామంటోంది. ఉంటే ఏమవుతుంది?

జవాబు – జమాఖర్చు

మీరు ఉండే భాగానికి ఫెడరల్ క్రెడిట్ రాదు, అద్దెకిచ్చే భాగానికే ఖర్చు పంచి లెక్కించాలి. రాష్ట్రం వాళ్లు సొంతంగా ఉండే ఇళ్లకూ ఇస్తారు, ఆ ఇళ్లకు గీత మదింపు విలువలో 25 శాతం. ఏది చేసినా మేడ వాడుకలోకి వచ్చే ముందే తేల్చుకుని సీపీఏకు రాతపూర్వకంగా చెప్పండి. ఆయనకు ఈ క్రెడిట్‌ను కోరే 3468 ఫారం పేరు, మీరు కొన్న తేదీ, పైకప్పు బిల్లు తేదీ ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి.