ఆపరేషన్‌కు ముందు కుక్కకు నీళ్ళు కూడా ఆపాలా?

కర్నూలు నుంచి:
మా రాణికి గురువారం పొద్దున 10 గంటలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. రెండేళ్ల నాటు కుక్క. రాత్రి 9 దాటితే పచ్చి గంగ కూడా ముట్టనీయొద్దని మా మామ పట్టు. ఈ ఎండల్లో 13 గంటలు దాహంతో ఎట్లా ఉంటుంది? నాకు టెన్షన్‌గా ఉంది.

అనంతపురం నుంచి:
మీ మామ మాటే వినండి అక్కా. పోయినేడాది మా లాబ్రడార్ ఆపరేషన్ రోజు, పాపం ఆకలితో ఉందని మా అమ్మ తెల్లారి పిడికెడు పెరుగన్నం పెట్టింది. మాకు చెప్పలేదు. మత్తు సూది పడగానే వాంతి చేసుకుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. బతికింది గానీ, ఆ పది రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

కడప నుంచి:
అన్నా, మీరు పడిన బాధ పెద్దదే. కానీ అక్కడ చేటు చేసింది పెరుగన్నం, నీళ్ళు కాదు. అన్నం కడుపులో గంటల తరబడి ఉంటుంది, నీళ్ళు తొందరగా దిగిపోతాయి. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2020 మత్తు మార్గదర్శకాల్లో, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు తిండి 4 నుంచి 6 గంటలు ఆపితే చాలని, నీళ్ళు ఆపనక్కర్లేదని ఉంది. మత్తులో రక్తపోటు ఎలాగూ పడిపోతుంది. ఒళ్ళు ఎండిపోయి ఉంటే ఇంకా పడిపోయి, కిడ్నీల మీద భారం పడుతుంది.

ఇంతసేపూ నీళ్ళ గురించే మాట్లాడుకుంటున్నాం, గోమార్ల (నెత్తురు తాగే పిడుదుల) సంగతి ఎవరూ అడగలేదు. మన వైపు కుక్కల్లో గోమార్ల జ్వరం ఎక్కువ. పైకి హుషారుగా తిరుగుతున్నా రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గిపోయి ఉండొచ్చు. అట్లాంటి కుక్కకు కడుపు కోస్తే నెత్తురు ఆగదు. దయచేసి ముందే రక్తపరీక్ష చేయించండి. రాణి ఎదకు వచ్చి ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి, అప్పుడు రక్తస్రావం ఎక్కువ. బరువు అందాజుగా చెప్పొద్దు, తూకం వేయించండి. మత్తు డోసు దాని మీదే లెక్క కడతారు.

అనంతపురం నుంచి:
రక్తపరీక్ష మాట ఒప్పుకుంటాను. నీళ్ళ విషయంలో మాత్రం పుస్తకం కాదు, ఆ రోజు మత్తు ఇచ్చే డాక్టర్ చెప్పిందే చేయాలి. మాకు రెండు గంటల ముందు ఆపమన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకు, పిల్లలకు కూడా చెప్పి పెట్టండి అక్కా. పొరపాటున ఎవరైనా ఏమైనా పెడితే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, ఇంకో రోజుకు మారుస్తారు.

కర్నూలు నుంచి:
డాక్టర్‌కు ఫోన్ చేశాను. రాత్రి అన్నం ఎప్పటిలాగే పెట్టి పొద్దున ఏమీ పెట్టొద్దన్నారు, నీళ్ళు బయలుదేరేదాకా ఉంచొచ్చట. మామ ఇంకా ఒప్పుకోలేదు. రాణి చెవి వెనక చూస్తే రెండు గోమార్లు ఉన్నాయి. రేపే రక్తపరీక్షకు తీసుకుపోతున్నాను.