ఆవుకి లాక్టోఫెర్రిన్ పౌడర్ పెడితే పొదుగువాపు రాదంట, నిజమేనా?

మదనపల్లె_పాడి:
మాకు ఆరు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్) క్రాస్ ఆవులు ఉండాయి. రెండేండ్లలో నాలుగింటికి పొదుగువాపు వచ్చింది, ఒకదానికి వెనక ఎడమ చన్ను పూర్తిగా పోయింది. మొన్న ఒకాయన వచ్చి లాక్టోఫెర్రిన్ అని పౌడర్ చూపించినాడు, పాలల్లో సహజంగా ఉండే ప్రోటీనే, యాంటీబయాటిక్ కాదు కాబట్టి పాలు పారబోసే పని లేదు, దాణాలో కలిపితే చాలు అని. వాడినోళ్లు చెప్పండన్నా.

గేదెలబాబాయ్:
గేదెల్ని మేపుకోండ్రా అంటే వినరు. మా ముర్రాలకి చన్ను చివర ఎంత బిగువంటే పిండేసరికి చేతులు లాగేస్తాయి, ఇక క్రిమి లోపలికి అంత తేలిగ్గా పోదు.

లాబ్‌కోటు:
సగం నిజం అన్నా. లాక్టోఫెర్రిన్ ఐరన్‌ని పట్టేసుకునే ప్రోటీన్, ఐరన్ దొరక్క ఈకోలై లాంటి బాక్టీరియా పెరగలేవు. జున్నుపాలల్లో బాగా ఉంటుంది, మామూలు పాలల్లో చాలా తక్కువ, ఆవు వట్టిపోయాక పొదుగులో మళ్లీ బాగా పెరుగుతుంది. కానీ అది ఆవు పొదుగులోనే తయారుచేసుకునేది. దాణాలో పెడితే రూమెన్‌లో, అంటే ఆవు మొదటి పొట్టలో, సూక్ష్మజీవులు మిగతా ప్రోటీన్లలాగే దాన్నీ ముక్కలు చేసేస్తాయి, పొదుగు దాకా ఏం మిగులుతుంది?

మదనపల్లె_పాడి:
పాలల్లోనే ఉంటే మరి రోగం ఎందుకొస్తాంది తమ్ముడూ?

సున్నం_పసుపు:
ఇవన్నీ ఎందుకండీ, ఎన్డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్లే చెప్తున్నారు కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి రుబ్బి, పాలన్నీ పిండేశాక పొదుగంతా రాయడమే, రోజుకి ఎనిమిది పది సార్లు, ఐదు రోజులు.

లాబ్‌కోటు:
మంచి ప్రశ్న. పాలల్లో సిట్రేట్ అనే లవణం కూడా ఉంటుంది, అదీ ఐరన్ కోసం పోటీ పడుతుంది, దాని దగ్గర్నించి బాక్టీరియా తీసేసుకుంటుంది. పైగా స్ట్రెప్టోకోకస్ యూబెరిస్ లాంటి బాక్టీరియా లాక్టోఫెర్రిన్‌ని అసలు లెక్కచేయవు. ఫిన్లాండ్‌లో మనిషి లాక్టోఫెర్రిన్ జీన్ పెట్టిన ఆవుల పొదుగులోకి ఈకోలై ఎక్కించి చూశారు, 2006లో వచ్చింది ఆ పేపర్. పాలల్లోనే ఆ ప్రోటీన్ ఉన్నా వాటికీ పొదుగువాపు వచ్చింది. ఒంట్లో లక్షణాలు మాత్రం కాస్త తక్కువ.

మదనపల్లె_పాడి:
తక్కువ అని నువ్వే చెప్తాండావు కదా! పనిచేసినట్టే కదా!

లాబ్‌కోటు:
అన్నా అది జీన్ పెట్టిన ఆవు. దాణాలో పౌడర్ తిన్న ఆవు కాదు.

మదనపల్లె_పాడి:
పనిచేసిందా లేదా అది చెప్పు. ఇంకోటి, ఐరన్ ఉంటే క్రిములు పెరుగుతాయి అంటివి, మరి మా ఆవుకి రాసిచ్చిన ఐరన్ టానిక్ ఆపేయాలా?

లాబ్‌కోటు:
ఆ మాట నేనెక్కడన్నాను?? టానిక్ గొడవ వేరే. ఆ పౌడర్ డబ్బులతో టీట్ డిప్ (పిండాక చన్నులు ముంచే క్రిమిసంహారక మందు) కొనండి, పిండే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి, పిండాక మేత వేసి గంటసేపు ఆవుని పడుకోనీకండి, చన్ను రంధ్రం మూసుకునేదాకా. సగం కేసులు అక్కడే పోతాయి.

గేదెలబాబాయ్:
చేతులు కడగటం ఈ కుర్రాడు నేర్పాలా మనకి 😀

మదనపల్లె_పాడి:
చేతులు కడుక్కోండి. ప్రతి ఒక్కడూ ఇదే మాట. పాలు పిండేది మా అమ్మ, తెల్లార్తో నాలుక్కి లేసి వేడినీళ్లతో పొదుగు కడిగి పొడిబట్టతో తుడిచి పిండతాది, నువ్వు వచ్చి చూసినావా? పోయినసారి ఫోన్ చేస్తే డాక్టరు మూడోరోజుకి వచ్చినారు, అప్పటికి చన్ను రాయి మాదిరి అయిపోయింది. చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించి అయిపోయినాక కూడా మూడు రోజులు పాల సెంటర్లో పాలు పోయొద్దన్నారు. మేం పోయలేదు, వారం పాలు కాలవలో పోసినాం. పక్కింటాయన మందేసిన రోజు కూడా పోసినాడు, ఆయనకి బిల్లు వచ్చింది. నాకు నీ సిట్రేట్ కథ వద్దు తమ్ముడూ, నిజాయితీగా ఉండేవాడు ఎందుకు మునగాల అనేదే నా బాధ.

లాబ్‌కోటు:
సారీ అన్నా, అమ్మని అనలేదు. మీరన్నది కరెక్టే, ఆ వారం పాలకి ఎవరూ డబ్బులివ్వరు. ఆ పౌడర్ అమ్ముడుపోయేది కూడా అందుకే, పాలు పారబోయక్కర్లేదు అన్న ఒక్క మాటతో. కానీ ముక్కలొచ్చే పాలు మందు వేయకపోయినా పోయకూడదు కదా. పాలు పోగొట్టుకోకుండా మందు వేసే టైమ్ ఒక్కటే, చూడి ఆవుకి ఏడు నెలలు దాటి పాలు ఆపేటప్పుడు. అప్పుడు నాలుగు చన్నులకీ డ్రై కౌ ట్యూబు, అంటే వట్టిపోయే ఆవుకి ఎక్కించే యాంటీబయాటిక్. ఆపిన మొదటి రోజుల్లో లాక్టోఫెర్రిన్ ఇంకా పెరగదు, ఈనే ముందు మళ్లీ పడిపోతుంది, క్రిములు దూరేది ఆ సందుల్లోనే. ముందు సీఎంటీ టెస్టు (పాలతో పొదుగువాపు కనిపెట్టే పరీక్ష) చేయించండి, ఏ చన్నో తెలుస్తుంది.

మదనపల్లె_పాడి:
ఇది ముందే చెప్పొచ్చు కదా. రెండు ఆవులకి వచ్చే నెల ఆపాల. ఆ ట్యూబు ఎంత ఉంటాది?

సున్నం_పసుపు:
సున్నం పదిహేను గ్రాములు దాటనివ్వకండి, చర్మం కాలుద్ది.

లాబ్‌కోటు:
రేటు మీ డాక్టర్నే అడగండి అన్నా, టెస్టు అయ్యాక ఏ ట్యూబో ఆయనే రాయాలి. పౌడర్ మాత్రం కొనకండి.

మదనపల్లె_పాడి:
అమ్మ ఆ పౌడర్ ఆయప్పకి అడ్వాన్సు 500 ఇచ్చేసిందంట. సోమవారం వస్తాడు.