విడి కాగితాల మీద రాసిన పాటల పుస్తకానికి ఏ కుట్టు మంచిది?

వంశధార (కాశీనగర్)
మా అమ్మమ్మ పాడే పెళ్లిపాటలు, చెప్పే నోము కథలు చేత్తో రాశాను. ఏ4 కాగితాలు, 70 ఆకులు, రెండు వైపులా రాత. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు కనుక ఎడమ పుటలో తెలుగు లిపి, ఎదురు పుటలో అదే పాట ఒడియా లిపిలో పెట్టాను. మడత వైపు అంచు అరంగుళమే ఉంది. జిరాక్స్ షాపులో స్పైరల్ వేస్తామన్నారు, నాకు మనసొప్పలేదు. చేత్తో కుట్టాలని ఉంది. ఏ పద్ధతి మంచిది?

పట్టుదారం (బరంపురం)
స్పైరల్ వద్దులెండి, నాలుగుసార్లు తిప్పితే చిల్లుల దగ్గర చిరుగుతుంది. అన్నిటికన్నా తేలిక పక్క కుట్టు. పైనా కిందా అట్ట పెట్టి, దబ్బనంతో నాలుగు చిల్లులు పొడిచి, తేనెమైనం రాసిన దారంతో కుట్టేయండి. జపాన్ వాళ్ల నాలుగు చిల్లుల కుట్టూ ఇలాంటిదే. ఒక్క పూట పని.

గుణుపురం బైండరు
ఈ పుస్తకానికి పక్క కుట్టు పనికిరాదండీ. ఉన్న అరంగుళమూ కుట్టుకే పోతుంది. ఎడమ పుటలో వరసల చివర్లు, కుడి పుటలో మొదటి అక్షరాలు మడతలో దాక్కుంటాయి. పైగా ఆ పుస్తకం పూర్తిగా పరుచుకోదు, చేత్తో నొక్కి పట్టుకోవాలి. రెండు లిపులూ పక్కపక్కన కనబడాలనే కదా ఆవిడ అలా రాసింది!

విడి ఆకుల్ని ముందు జతలు చేయండి. 1వ ఆకు 8తో, 2 ఏడుతో, 3 ఆరుతో, 4 ఐదుతో. ఒక్కో జత మధ్యన పలచటి గట్టి కాగితం పట్టీ అతికించి మడిస్తే ఎనిమిది ఆకుల ఫారం, అంటే ఒకదానిలో ఒకటి దూర్చి మడతలో కుట్టే కట్ట తయారు. మీ 70 ఆకులకు తొమ్మిది ఫారాలు వస్తాయి, చివర రెండు తెల్లాకులు మిగుల్తాయి. కొత్త పాట దొరికితే అక్కడ రాసుకోవచ్చు. పట్టీ మందంగా ఉంటే మాత్రం వెన్ను ఉబ్బుతుంది. ఫారాల మడతలో కుట్టిన పుస్తకం బల్ల మీద చక్కగా పరుచుకుంటుంది.

మహేంద్రగిరి
అంత పని ఎందుకు? ఆకుల్ని బిగించి, వెన్ను అంచును విసనకర్రలా ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచి ఫెవికాల్ రాస్తే ఆకుకీ ఆకుకీ మధ్య వెంట్రుకవాసి జిగురు దిగుతుంది. ఇదీ బాగానే తెరుచుకుంటుంది. కాగితం నార, అంటే అందులోని పోగులు సాగిన దిశ, వెన్నుకు సమాంతరంగా ఉండాలి, అంతే. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే నార ఆ మడత వెంట ఉన్నట్టు.

గుణుపురం బైండరు
నోట్‌బుక్కుకైతే నేనూ అదే చేస్తాను. ఇది పెళ్లిళ్లలో పదిమంది చేతులు మారే పుస్తకం, ఒక్క ఆకు ఊడినా పాట పోతుంది. దారం ఉంటే జిగురు ఎండి పెళుసెక్కినా ఆకు నిలుస్తుంది.

జయపురం
నా ఓటు కూడా కుట్టుకే. కాప్టుల (ఈజిప్టు క్రైస్తవుల) గొలుసు కుట్టు వేస్తే పూర్తిగా పరుచుకుంటుంది, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ అందులో వెన్నుకు కప్పు ఉండదు, మన వానాకాలంలో ఆ సందుల్లో పురుగు దూరుతుంది. గుడ్డ కప్పిన గట్టి అట్టను విడిగా చేసి, కుట్టిన పుస్తకానికి అతికించే కేస్ బైండింగే మేలు.

ఇంకో మాట, ఏ పెన్నుతో రాశారు? జెల్, ఇంకు పెన్నుల రాత తడి తగిలితే పాకుతుంది. పారేసే కాగితం మీద ముందు చూసుకోండి.

వంశధార
బాల్ పెన్నేనండి, బతికాను. ఫారాల కుట్టే వేస్తాను. అట్టకు అమ్మమ్మ పాత బరంపురం పట్టుచీర ముక్క కప్పొచ్చా?

గుణుపురం బైండరు
కప్పండి. పట్టు నేరుగా అతికిస్తే జిగురు పైకి తేలి మరకలు పడతాయి. ముందు గుడ్డ వెనక పలచటి కాగితం అతికించి, బాగా ఆరాక అట్టకు చుట్టండి. జిగురుకు మైదా చిక్కగా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపండి. అది విషం, వంటగిన్నెలో కలపొద్దు, పిల్లలకు అందనీయొద్దు. అట్ట వేశాక రాత్రంతా బరువు కింద ఉంచండి. వానల్లో అయితే రెండు రాత్రులు.