నాన్నకి స్ట్రోక్ వచ్చి ఐదు నెలలు: ఆరు నెలలు దాటితే ఇక చెయ్యి రాదంటున్నారు, నిజమేనా?

పటమట అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. నాన్నకి 59 ఏళ్ళు. మొన్న కనుమ రోజు పొద్దున్నే బాత్రూంలోంచి వస్తూ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి పక్కకి లాగేసింది. కాసేపు పడుకుంటే తగ్గుతుందని ఒకరు, షుగర్ తగ్గిందేమో చక్కెర నీళ్ళు పట్టమని ఒకరు, ఇలా అనుకుంటూనే ఆసుపత్రికి చేరేసరికి ఆరు గంటలు దాటిపోయింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. ఆ మాట నేను జన్మలో మర్చిపోలేను.

ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. చెయ్యే రావడం లేదు. భుజం దగ్గర కొంచెం లేస్తుంది, మణికట్టు ఏదో కాస్త కదులుతుంది, వేళ్ళు మాత్రం గుప్పిట్లా ముడుచుకుపోయాయి. పొద్దున్నే మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో ఒక్కో వేలూ విప్పుకుంటారు. నాలుగో వేలు విప్పేసరికి మొదటిది మళ్ళీ ముడుచుకుంటుంది. మళ్ళీ మొదట్నించీ మొదలుపెడతారు. చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మాట ఇంకా కష్టం. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, కానీ ఏం చెప్పాలన్నా "అదే... అదే..." అనే వస్తుంది. మొన్న అన్నం తింటూ "అదే" అన్నారు. నీళ్ళు, పచ్చడి, నెయ్యి అన్నీ తెచ్చి చూపించా. చివరికి కంచం పక్కకి నెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన అడిగింది మజ్జిగ అని సాయంత్రానికి గానీ తట్టలేదు. వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్ళు స్టీల్ సామాన్ల కొట్టు నడిపిన మనిషండీ, బేరంలో ఆయన మాటకి ఎదురుండేది కాదు.

వారానికి మూడు రోజులు ఫిజియో ఇంటికి వస్తారు, రోజుకి 500. చుట్టాలంతా "ఆరు నెలల్లో వచ్చిందే వచ్చినట్టు, ఆ తర్వాత ఇక అంతే" అంటున్నారు. ఇంకో నెలే ఉందని అమ్మకీ నాకూ ఒకటే టెన్షన్. ఒకరు పావురం రక్తం రాయమంటారు, ఒకరు పసరు మందు పోయిస్తాం, ఇంగ్లీషు మాత్రలు ఆపెయ్యమంటారు. ఒక క్లినిక్ వాళ్ళు స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే చెయ్యి వస్తుంది, నాలుగు లక్షలు అన్నారు. అమ్మ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట ఫిజియో

అమ్మా, ముందు మాత్రల సంగతి. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర ఎవరు చెప్పినా ఆపొద్దు. రెండో స్ట్రోక్ వస్తే ఈ ఐదు నెలల కష్టమంతా పోతుంది. పావురం రక్తం రాస్తే చెయ్యి రాదు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇక ఆరు నెలల మాట. నేను గుంటూరులో పదిహేడేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను, ప్రతి ఇంట్లోనూ ఈ మాట వింటున్నాను. అందులో సగమే నిజం. మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునే వేగం ఎక్కువ, తర్వాత అది నెమ్మదిస్తుంది. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. దెబ్బతిన్న చోట కణాలు తిరిగి రావు గానీ చుట్టుపక్కల ఉన్నవి కొత్త దారులు వేసుకుంటాయి, ఆ దారి పడాలంటే ఆ పని మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. చెయ్యి రాక వాడకపోవడం ఒకటైతే, వాడక రాకపోవడం ఇంకొకటి. రెండోది ఇంట్లో ఎవరూ గమనించరు. ఎడమ చేత్తో పని జరిగిపోతోంది కదా అని కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, మెదడు ఆ చేతిని మెల్లగా లెక్కలోంచి తీసేస్తుంది.

దీని మీదే అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించడం ఆ పద్ధతి. ఎక్సైట్ అనే ట్రయల్ (రోగుల మీద చేసి చూసే పరీక్ష) ఫలితాలు 2006లో వచ్చాయి. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకున్నారు. అందులో సుమారు సగం మందిని రెండు వారాలు, మెలకువగా ఉన్న టైంలో 90 శాతం ఆ తొడుగుతోనే ఉంచి, రోజూ గంటల తరబడి సాధన చేయించారు. మామూలు వైద్యం పొందినవాళ్ళ కన్నా వీళ్ళ చెయ్యి మెరుగైంది, ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. చూడండి, తొమ్మిది నెలలైన వాళ్ళు కూడా అందులో ఉన్నారు. అయితే మణికట్టు, వేళ్ళు కాస్తయినా పైకి లేపగలిగిన వాళ్ళకే ఈ పద్ధతి పనికొస్తుంది. మీ నాన్నగారికి మణికట్టు కదులుతోందన్నారు కాబట్టి మీ ఫిజియోని అడగండి, మీ అంతట మీరు తొడుగు కట్టెయ్యకండి, పడిపోతే పట్టుకోవడానికి ఉన్న ఒక్క చెయ్యీ కట్టేసినట్టవుతుంది.

వేళ్ళు అసలు లేవకపోతే అద్దం పద్ధతి ఉంది. మన చెన్నై వైపు నుంచి వెళ్ళిన రామచంద్రన్ గారు చెయ్యి తీసేసిన వాళ్ళ నొప్పి కోసం మొదలుపెట్టారు, 1999లో స్ట్రోక్ వాళ్ళ మీద కూడా చేసి చూశారు. తర్వాత చాలా అధ్యయనాలు వచ్చాయి, చేతి కదలికకి ఎంతో కొంత ఉపయోగం ఉందనే తేలింది. ఖర్చు ఒక అద్దం. బల్ల మీద అద్దాన్ని నిలువుగా, రెండు చేతులకీ మధ్యలో, అద్దం ముఖం ఎడమ చేతి వైపు ఉండేలా పెట్టాలి, కుడి చెయ్యి అద్దం వెనక, ఎడమ చెయ్యి ముందు. అద్దంలో కనపడే చెయ్యి తన కుడి చెయ్యే అనుకుంటూ ఎడమ చేత్తో గుప్పిట మూసి తెరవాలి, వెనక ఉన్న చేత్తో కూడా అలా చెయ్యాలని ప్రయత్నించాలి. రోజూ అరగంట. ఎడమ చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసెయ్యండి, లేకపోతే అది నా కుడి చెయ్యి అనే నమ్మకం కుదరదు.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని గానీ, చంకలో చెయ్యి వేసి గానీ లాగొద్దు. ఆ భుజానికి పట్టు ఉండదు, కీలు కిందికి జారుతుంది, నొప్పి పట్టుకుంటే ఇక చేతిని ముట్టుకోనివ్వరు. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి.

వట్టి వ్యాయామం ఎవరికైనా విసుగే. స్టీల్ సామాన్ల కొట్టు అన్నారు కదా, గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టించండి, టిఫిన్ డబ్బా మూతలు తీయించండి. కుడి చేత్తో రాకపోతే కుడి చేత్తో డబ్బా అదిమి పట్టుకుని ఎడమ చేత్తో మూత తియ్యమనండి. పదిసార్లు సరిపోదు, వందల్లో ఉండాలి.

వేళ్ళు మరీ బిగుసుకుంటున్నాయి అంటే న్యూరాలజిస్టుకి మళ్ళీ చూపించాలి, కండరం వదులు కావడానికి మందులున్నాయి, కొందరికి బొటాక్స్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

మంగళగిరి నుంచి

నేను డాక్టర్ని కాదు, బయాలజీ చెబుతాను. మా బావగారికి వచ్చినప్పుడు రాత్రుళ్ళు కూర్చుని చదివాను కాబట్టి ఆ నాలుగు లక్షల గురించి రాస్తున్నాను. గాజులు మళ్ళీ వేసుకోమనండి అమ్మగారిని.

మన దేశంలోనే ఐదు కేంద్రాల్లో 120 మంది స్ట్రోక్ రోగుల మీద, వాళ్ళ ఎముక మజ్జ కణాలనే (స్టెమ్ సెల్స్ ఉండేవి వీటిలోనే) తీసి రక్తనాళంలోకి ఎక్కించి చూశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. ప్రమాదం లేదు, లాభమూ కనపడలేదు. మన దేశపు వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకి చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా పరిశోధనే, అనుమతి తీసుకున్న ట్రయల్‌లోనే చెయ్యాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు. ఆ క్లినిక్ వాళ్ళని ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి చూడండి.

డిప్రెషన్‌కి వాడే ఫ్లూక్సెటీన్ మాత్ర సంగతి కూడా ఇలాగే. 2011లో ఒక చిన్న అధ్యయనంలో చెయ్యి కాలు బాగా వచ్చాయన్నారు, అందరూ ఆశపడ్డారు. 2018లో బ్రిటన్‌లో 3,127 మంది మీద చేస్తే కదలికలో తేడా ఏమీ రాలేదు, ఎముకలు విరగడం మాత్రం కొంచెం పెరిగింది. డిప్రెషన్‌కి డాక్టర్ రాస్తే వేరే సంగతి, చెయ్యి వస్తుందని మాత్రం వాడొద్దు.

ఫిజియోగారు చెప్పినదాని మీద ఒక్క సందేహం. ఇంట్లోవాళ్ళకి నేర్పించి వాళ్ళ చేతే వ్యాయామం చేయిస్తే ఎలా ఉంటుందని అటెండ్ అనే ట్రయల్ మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలలకి చూస్తే చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. అంటే ఇంట్లోవాళ్ళ శ్రమ వల్ల ఉపయోగం లేనట్టేనా?

బ్రాడీపేట ఫిజియో

మంచి ప్రశ్న అడిగారండీ. నాకు అర్థమైంది ఇది. ఆసుపత్రిలో కాసేపు నేర్పి ఇంటికి పంపేస్తే ఆ ఇంటి మనిషి థెరపిస్ట్ అయిపోరు. ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎప్పుడు మార్చాలి అనేది చూసే మనిషి ఒకరు ఉండాలి. అందుకే ఫిజియోని మాన్పించి అంతా మీరే చేసుకోండి అని నేను ఎవరికీ చెప్పను. డబ్బు కష్టమైతే వారానికి ఒక రోజుకి తగ్గించి, ఆ రోజు వారం మొత్తానికి సరిపడా పని చెప్పించుకోండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో గానీ మంగళగిరి ఎయిమ్స్ ఫిజికల్ మెడిసిన్ విభాగంలో గానీ ఒకసారి చూపించుకోండి. ఇంకోటి, ఆ ట్రయల్ ఫలితం చదివాక నేను ఇళ్ళల్లో ఆడవాళ్ళని "మీరు సరిగ్గా చేయించడం లేదు" అనడం మానేశాను.

పట్టాభిపురం లక్ష్మక్క

చెల్లీ, మా ఆయనకి వచ్చి మూడేళ్ళు దాటింది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మీ నాన్నగారిలాగే కుడి పక్క, మాట కూడా. మాకైతే ఎనిమిదో నెలలో ఒక్కో మాట మొదలైంది. ఇప్పుడు ఫోన్లో మనవడితో మాట్లాడతారు, తడుముకుంటూనే, కానీ మాట్లాడతారు. చెయ్యి పూర్తిగా రాలేదు, అబద్ధం చెప్పను. చొక్కా గుండీలు నేనే పెడతాను.

మాటకి విడిగా స్పీచ్ థెరపిస్ట్ ఉంటారని మాకు నాలుగు నెలల దాకా ఎవరూ చెప్పలేదు. మీరు ఆలస్యం చెయ్యొద్దు. మాకు చూసిన ఆవిడే చెప్పారు, జర్మనీలో స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్ళనే 156 మందిని తీసుకుని మూడు వారాలు, వారానికి పది గంటలకి తగ్గకుండా మాట నేర్పిస్తే మామూలు మాటల్లో తేడా వచ్చిందట, 2017లో. ఆరు నెలలు దాటితే రాదనే వాళ్ళకి నేను ఇదే చెబుతుంటాను. ఆవిడ మాతో మొదట ఆదివారం, సోమవారం అని వారాల పేర్లు అనిపించారు, తర్వాత అంకెలు, తర్వాత భజన పాటలు. మాట్లాడలేని వాళ్ళు కొందరు పాట అందుకుంటే పాడేస్తారు, మొదటిసారి మా ఆయన అలా పాడినప్పుడు ఇంట్లో అందరం ఏడ్చాం. కంఠతా వచ్చిన మాటలు మెదడులో వేరే దారిన వస్తాయట. ఇంకో పని చెయ్యండి, ఒక అట్ట మీద మజ్జిగ, నీళ్ళు, బాత్రూం, ఫ్యాన్, నొప్పి ఇలా బొమ్మలు అంటించి మంచం పక్కన పెట్టండి. ఆయన వేలు పెట్టి చూపిస్తారు. ప్రశ్న ఒక్కసారి ఒక్కటే అడగండి, జవాబు కోసం ఆగండి. మనం తొందరపడి మాట అందించేస్తాం, అదే వాళ్ళకి కోపం.

గోడవైపు తిరిగి పడుకుంటున్నారని రాశావు కదా, అది వదిలెయ్యకు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని డాక్టర్ చెప్పారు, చెబితే మందు ఇస్తారు. మీ అమ్మగారిని కూడా చూసుకో. నేను మొదటి ఏడాది ఎవరింటికీ పేరంటానికి వెళ్ళలేదు, రాత్రి ఆయన దగ్గితే లేచి కూర్చునేదాన్ని, చివరికి నా బీపీ 180కి వెళ్ళింది. మా పక్కింటి పిన్నిగారు రోజూ సాయంత్రం గంటసేపు వచ్చి ఆయన దగ్గర కూర్చునేవారు, ఆ గంటలో నేను గుడికి వెళ్ళి వచ్చేదాన్ని. ఆ గంటే నన్ను నిలబెట్టింది. మీరూ ఎవరినైనా అడగండి, అడగడానికి సిగ్గుపడొద్దు. మరీ మనసు బాగోకపోతే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యొచ్చు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది) కోసం స్లాట్ బుక్ చేయించారా? మీ సచివాలయంలో అడగండి. 40 శాతం, ఆ పైన వస్తే, మిగతా అర్హతలు కూడా కుదిరితే పెన్షన్‌కి పెట్టుకోవచ్చు. 2024 నుంచి వికలాంగుల పెన్షన్ నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్ళకి 15,000. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు జాగ్రత్తగా దాచుకోండి, వెళ్ళిన ప్రతిచోటా అడుగుతారు.

పటమట అమ్మాయి

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. రెండు వారాలైంది. స్టెమ్ సెల్ క్లినిక్ వాళ్ళని నంబర్ అడిగాను, మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు. అమ్మ గాజులు వేసుకుంది. స్పీచ్ థెరపిస్ట్ సూర్యారావుపేటలో దొరికారు, వారానికి రెండుసార్లు ఆటోలో తీసుకెళ్తున్నాం. సదరం స్లాట్ వచ్చే నెలకి వచ్చింది. మేడమీద అద్దెకుండే ఆంటీని అడిగితే సాయంత్రాలు వచ్చి కూర్చుంటానన్నారు.

అద్దం ముందు వేళ్ళు ఇంకా తెరుచుకోవడం లేదు. డబ్బా మాత్రం కుడి చేత్తో అదిమి పట్టుకుంటున్నారు. లక్ష్మక్కా, మాకు పాటలు కుదరలేదు, నాన్నకి ఎప్పుడూ అలవాటు లేదు. నిన్న ఊరికే ఎక్కాలు మొదలుపెట్టా, పన్నెండో ఎక్కం. పన్నెండు మూళ్ళ అని ఆగాను. "ముప్పై ఆరు" అన్నారు. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఎలా అనేవారో అలాగే అన్నారు.